అత్త లేచి నిలబడే పద్ధతి

నా దగ్గరున్న డైరీల్లో మొదటిది మా అత్త ఇచ్చింది. అది కొన్నది కాదు. కాఫీ మొక్కల పథకం చూసే ఆఫీసరు ఒకాయన, ఎరువు ఎప్పుడు వేసిందీ కలుపు ఎప్పుడు తీసిందీ రాసుకోమని అత్త చేతిలో పెట్టాడు. అత్తకి చదువు రాదు. రెండు రోజులు దాన్ని చూరులో దోపి ఉంచి, మూడో రోజు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"తిననేను, కట్టుకోనేను. నువ్వే ఉంచుకోయే గుంటా."

అది అప్పటికే రెండేళ్ళ పాతది. తేదీలు పనికొచ్చేవి గానీ వారాలు కుదిరేవి కావు. అచ్చులో ఉన్న ఆదివారాన్ని కొట్టేసి పైన మంగళవారం అని రాసుకునేదాన్ని. రోజూ రాయడానికి కూర్చోగానే ముందు ఒక తప్పు దిద్దే పని ఉండేది. అది నాకు ఇష్టంగా కూడా ఉండేది.

అత్త మా నాన్నకి అక్క. మామయ్య పోయాక మా ఊరు వచ్చేసి, మా ఇంటి గోడకి గోడ ఆనించి ఒక గది వేసుకుంది. నేను అరకులో హాస్టల్లో ఉండి ఇంటర్ పూర్తి చేసి, తరవాతేం చెయ్యాలో తేలక ఇంట్లో ఉన్న రోజులవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నాకు మాట తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు లోపల తయారయ్యేసరికి అడిగినవాళ్ళు ఇంకో మాటలోకి వెళ్ళిపోయేవారు. మిగిలిపోయిన జవాబులన్నీ డైరీలోకి వెళ్ళేవి. అది కాక, అచ్చయిన కాగితం కనబడితే చదవకుండా ఉండలేకపోయేదాన్ని. సంతలో పకోడీ కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె మరకల మధ్యనుంచి చదివేదాన్ని.

ఆ ఏడు అత్త తోటలో మొదటిసారి పళ్ళు వచ్చాయి. ఊరి వెనక కొండవాలు మీద, సిల్వర్ ఓక్ చెట్ల నీడన మూడేళ్ళ పైన పెంచిన కాఫీ. వలిసె పూలు విరగబూసి కొండ కిందంతా పసుపుగా ఉన్నప్పుడు పైన తోటలో పళ్ళు ఎరుపు తిరగడం మొదలైంది. అత్త రోజూ ఎక్కి చూసొచ్చేది. వచ్చి, ఇవాళ ఏ మొక్క ఎంత ఎర్రబడిందో మా అమ్మకి చెప్పేది.

మాకు కొత్త పంట ఏదొచ్చినా ముందు 'కొత్త' చెయ్యాలి. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. తొలి పంట దేవతకి చూపించి, పంట గలవాళ్ళు నోట్లో వేసుకున్నాకే మిగతా చేతులు పడాలి. కాఫీకి అలాంటిదేదీ లేదు. కాఫీ మా తాతల పంట కాదు. కానీ అత్త ఊరుకోలేదు. నా తోట, నా తొలి కాపు, కాఫీ కొత్త నా చేత్తోనే అవ్వాలి, అప్పటిదాకా ఎవరూ పండు ముట్టొద్దు అంది. పెద్దవాళ్ళు నవ్వారు గానీ ఎవరూ కాదనలేదు. ఒకరి పనికి ఒకరు వెళ్ళే ఆడవాళ్ళు ఎనిమిది మంది, అత్త ఎప్పుడంటే అప్పుడు గంపలు పట్టుకుని ఎక్కడానికి ఒప్పుకున్నారు.

సరిగ్గా ఆ వారమే అత్త తోటలో విరిగిపడ్డ కొమ్మని లాగబోయి వంగింది వంగినట్టే ఉండిపోయింది. కొండ మీంచి అలాగే వంగి దిగింది. దారిలో ఎదురైనవాళ్ళు ఏం పోయిందని వెతుకుతున్నావని అడిగారట. ఆ మాట చెప్పి తనే నవ్వబోయి, నవ్వితే నడుము పట్టి, గోడకి ఆనుకుంది.

నూనె రాశారు, ఆకు కట్టారు, ఇటుక కాచి గుడ్డలో చుట్టి పెట్టారు. నాలుగు రోజులకీ నడుము విడవలేదు. శుక్రవారం సంతకి మిషన్ ఆసుపత్రి జీపు వచ్చేది. సంతకెళ్ళే జీపు ఒకటి మా ఊరి మీదుగా వెళ్తుంటే అత్తని అందులో ఎక్కించారు. తోడు నేను. మందుల చీటీ ఇస్తే చదవగలనని.

డాక్టరమ్మ ఒక రేకుల షెడ్డులో బల్ల వేసుకుని కూర్చుంది. నడుము నొక్కి చూసింది, కాళ్ళెత్తించింది. ఎముకకి ఏం కాలేదు, కండరాలు బిగుసుకుపోయాయి, వాటిని సడలించే బిళ్ళలు రాస్తానంది. రాయబోతూ, వేరే మందులేమైనా వాడుతున్నావా అని అడిగింది.

"నేదమ్మా," అంది అత్త.

అత్త నడుం దగ్గర చీరకుచ్చెళ్ళలో దోపిన చిన్న గుడ్డసంచీలో బీపీ బిళ్ళలున్నాయి. నెలనెలా నర్సమ్మ మా కొండెక్కి వచ్చి ఇచ్చేవే. ఏడాదిగా అత్త ఒక్కపూట తప్పలేదు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పాలని నోట్లో మాట తయారు చేసుకుంటున్నాను. అత్త నా వైపు చూసింది. నా మాట ఆగిపోయింది. డాక్టరమ్మ బిళ్ళల డబ్బా నా చేతికిచ్చి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి తిన్నాక వెయ్యమని, తరవాతి రోగిని పిలిచింది.

తిరిగొస్తూ అడిగాను, ఎందుకలా అన్నావని. అత్త నన్నొక చదువురాని దాన్ని చూసినట్టు చూసింది.

"ఒకలింటికి బోయినానికెళ్ళి, నిన్న పక్కింటోల కూర బాగుందని సెప్తావేటే? ఆ మనిసి మనసేటవుద్ది? నర్సమ్మ మందు నర్సమ్మది. డాకటరమ్మ మందు డాకటరమ్మది."

ఇది అత్త ఒక్కదాని బుద్ధి కాదు. మా వైపు పెద్దవాళ్ళంతా అంతే. నాటువైద్యం చేసే గురువు దగ్గరకెళ్తే ఆసుపత్రి మాట ఎత్తరు, ఆసుపత్రికెళ్తే గురువు మాట ఎత్తరు. అది వాళ్ళకి దాపరికం కాదు, మర్యాద. ఎంత గట్టి మర్యాదంటే, నాకు కూడా ఆ రోజు అది సబబుగానే తోచింది.

బిళ్ళలు పనిచేశాయి. రెండో రోజుకి అత్త నిటారుగా నిలబడింది. అంతటితో ఆగక, ఆ మందు గొప్పతనం ఊరంతా చెప్పింది. అత్తకి చిన్ననాటి నేస్తం ఒకావిడ ఉంది. రోజూ సాయంత్రం మా వాకిట్లో కూర్చుని ఇద్దరూ చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఆవిడకి మోకాలి నొప్పి. మంచిది దొరికితే ఒక్కదాన్నే తినడం అత్తకి చేతకాదు. ఆవిడకీ ఒక బిళ్ళ ఇచ్చింది. ఆవిడ మా అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. చుట్ట నోట్లోనే ఆరిపోయింది. కోడి ఒకటి వచ్చి ఒళ్ళోకెక్కినా లేవలేదు. లేచేసరికి వాళ్ళ కోడలు అన్నం వండేసి ఊరంతా వెతుకుతోంది. వారం రోజులు ఆవిడని ఆ కోడి పేరు చెప్పి ఏడిపించారు.

అత్త విషయం వేరుగా ఉంది. అత్తకి నిద్ర కొంచెమే వచ్చేది. కానీ కూర్చున్నది లేవబోతే కళ్ళు బైర్లు కమ్మేవి. ఆ రెండో రోజే లేచి రెండడుగులు వేసి గుంజ పట్టుకుంది. మూడో రోజు గుంజ అందలేదు. చోళ్ళు ఆరబోసిన చాప మీద కూలబడింది. ఇల్లు గిర్రున తిరిగిందంది. అమ్మ తిండి చాలక అంది. నేస్తం దిష్టి అంది. అత్త మాత్రం, కొత్త ఆలస్యం అవుతోందని తోట అలిగిందనుకుంది. ఐదో రోజు కొండెక్కబోయి ఊరి చివర రాయి దగ్గరే తూలి పడితే, నలుగురూ పట్టుకుని తీసుకొచ్చారు. అప్పటికి తోటలో ముందు పండినవి నేల రాలడం మొదలైంది. పోనీ నీ మరదలి చేత్తో కొత్త చేయించమన్నారు. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. మా అత్త అలా పగలు గోడవైపు తిరిగి పడుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

డైరీలో ఇవన్నీ రాస్తూనే ఉన్నాను, వేరే ఉద్దేశమేం లేకుండా. నాకు చిన్న చిన్నవి రాయడం అలవాటు. అంబలి ఎప్పుడు తాగారు, కిరండోలు వెళ్ళే రైలుబండి ఎప్పుడు కూసింది, ఎవరు ఏ చీర కట్టారు. ఆ రోజు కొత్త పేజీ రాయబుద్ధికాక వెనక్కి తిప్పుతూ కూర్చున్నాను. శనివారం: అత్త అంబలి తాగి నడుముదీ బీపీదీ రెండు బిళ్ళలూ వేసుకుంది, బండి కూసే వేళకి గుంజ పట్టుకుంది. ఆదివారం: అంబలి, రెండు బిళ్ళలు, బండి కూతకి కాస్త ముందు చాప మీద పడింది. సోమవారం: చుట్టాలొచ్చిన హడావిడిలో నడుము బిళ్ళ మర్చిపోయింది, సాయంత్రందాకా ఏమీ కాలేదు, చుట్టాలని ఊరి చివరిదాకా సాగనంపి వచ్చింది. మంగళవారం: రెండు బిళ్ళలు, బండి కూత, ఊరి చివర రాయి.

ఒకటికి నాలుగుసార్లు చదివాను. నేస్తం వేసుకున్నది అదే బిళ్ళ. ఆవిడకి నిద్రే గానీ లేచాక తూలలేదు. అత్తకి మాత్రమే ఎందుకు? నేస్తం వేసుకోనిది అత్త వేసుకుంటున్నది ఒక్కటే ఉంది, నర్సమ్మ బీపీ బిళ్ళ.

మందు డబ్బాలో మడతలు మడతలుగా పెట్టిన కాగితం ఒకటుంది, చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలతో. నేనది మొదటిరోజే చదివి అర్థంకాక మడిచేశాను. ఈసారి నా స్కూలు డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. హైపోటెన్షన్ అన్న మాట అందులో లేదు. కానీ కాగితంలో కొంచెం కింద బ్లడ్ ప్రెషర్ తగ్గడం గురించి, తల తిరగడం గురించి, బీపీ మందులు వాడేవాళ్ళు ముందుగా డాక్టరుకి చెప్పాలన్న దాని గురించి ఉంది. నాకు భయం ఉంది, నిజం చెప్పొద్దూ, దానికన్నా సంతోషం ఎక్కువ ఉంది. తోట అలగలేదు. దిష్టి కాదు. ఒక కాగితం మీద అచ్చులో ఉంది.

అత్తకి చెప్పాను. ఆవిడ గుడ్డసంచీ తీసి బిళ్ళలు చూసుకుంది. తరవాత, అలాగని డాక్టరమ్మ ముందు ఆవిడ మందుని తప్పుపడతామా, ఆవిడ చెప్పకుండా మానేస్తామా అంది. అప్పుడు నాకు కొత్త భయం పట్టుకుంది. చెప్పాల్సింది నేనే.

మళ్ళీ శుక్రవారం దాకా నేను ఒకే ఒక్క వాక్యం తయారు చేసుకున్నాను. 'అమ్మా, మా అత్త బీపీ బిళ్ళలు కూడా వేసుకుంటుంది.' వలిసె చేల గట్ల మీద నడుస్తూ చెప్పుకున్నాను, బోరింగు దగ్గర బిందె నిండేదాకా చెప్పుకున్నాను. ఆవులకి కూడా చెప్పాను. షెడ్డులో డాక్టరమ్మ ఎదురుగా నిలబడేసరికి ఆ వాక్యం లేదు.

"ఇప్పుడెలా ఉంది?" అందావిడ.

"సుబ్బరంగున్నానమ్మా," అంది అత్త, బల్ల అంచు పట్టుకుని.

నేను సంచీలోంచి డైరీ తీసి, ఆ నాలుగు రోజుల పేజీ విప్పి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ నన్నొకసారి చూసి చదవడం మొదలుపెట్టింది. మొదట కొట్టేసిన వారాలు చూసి తికమకపడింది. తరవాత కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఇంకా ముందేం జరిగిందో చూడ్డానికి ఒక పేజీ వెనక్కి తిప్పింది.

నేను ఆపలేకపోయాను. ఆ పేజీలో ముందటి శుక్రవారం ఉంది.

ఆవిడ పైకే చదివింది. "డాక్టరమ్మ మాట్లాడుతున్నంతసేపూ కళ్ళద్దాలు ముక్కు కొసకి జారి, పడదామా వద్దా అని ఆలోచిస్తుంటాయి." పక్కన మందులు ఇస్తున్న కాంపౌండరు గట్టిగా నవ్వేశాడు. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని కింది వాక్యం చదివింది. "మా అత్త పెద్ద అబద్ధాన్ని కూడా తల ఒక్కసారి ఊపి చెప్పేయగలదు."

"అలగ రాసినావేటే నా గురించి?" అంది అత్త.

నేను నేలలోని రాళ్ళు లెక్కపెడుతున్నాను. డాక్టరమ్మ నవ్వుతోందని కొంతసేపటికి గానీ తెలియలేదు. కళ్ళు తుడుచుకుంటూ, అబద్ధమేంటో చూద్దాం అని అత్తని బల్ల మీద పడుకోమంది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. తరవాత లేచి నిలబడమని మళ్ళీ చూసింది. రెండోసారి పట్టీ విప్పుతూ అత్తని జబ్బ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. నిలబడగానే బీపీ బాగా పడిపోయిందట.

అత్త అప్పుడు చీరకుచ్చెళ్ళలోంచి గుడ్డసంచీ తీసింది. బీపీ బిళ్ళల అట్ట డైరీ మీద పెట్టింది.

డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది. ఇప్పుడు తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "మంచి మందు. ఏడాదిగా వాడుతున్నావా? మీ నర్సమ్మ పని తెలిసిన మనిషి," అంది.

అత్త మొహం విప్పారింది. తన ఇంట్లో భోజనం పెడుతూ పక్కింటివాళ్ళ కూరని మెచ్చుకునే మనిషిని అత్త ఎప్పుడూ చూసి ఉండదు. ఇక అడగనివి కూడా చెప్పింది. ఆకు కట్టు చెప్పింది, గురువు పోసిన కషాయం చెప్పింది, నేస్తానికి బిళ్ళ ఇవ్వడం కూడా చెప్పింది. దానికి మాత్రం కాస్త అక్షింతలు పడ్డాయి, అడ్డపొగకి ఇంకాస్త.

డాక్టరమ్మ చెప్పింది నేను అక్కడే నిలబడి రాసుకున్నాను. ఇలాంటి బిళ్ళలు నడుముని సడలించడంతో ఆగవు, కొందరిలో బీపీని కూడా దించుతాయి. బీపీ బిళ్ళా దించేదే. రెండూ ఒకేసారి కడుపులో పడితే, గబుక్కున లేచినప్పుడు తలకి చేరాల్సిన రక్తం చేరదు. పొద్దున నడుము బిళ్ళ మానెయ్యాలి. పడుకునే ముందు సగం, అదీ కొద్దిరోజులే, తరవాత అదీ ఆపెయ్యాలి. బీపీ బిళ్ళ మాత్రం ఎవరేం చెప్పినా సొంతంగా మానకూడదు. నర్సమ్మకి ఒక ఉత్తరం రాసిచ్చింది. ఇక లేవడం. పక్కకి తిరగాలి, చేతిమీద బరువు వేసి కూర్చోవాలి, కాళ్ళు నేలకి ఆనించి పాదాలు కదుపుతూ కాసేపు ఆగాలి, అప్పుడు నిలబడాలి, నిలబడ్డాక కూడా వెంటనే నడవకూడదు.

డైరీ నా చేతికిస్తూ, "మళ్ళీ వచ్చేటప్పుడు ఇది తే. కళ్ళద్దాల పేజీ కూడా ఉంచు," అంది.

ఆ తరవాత మూడో రోజుకే అత్త తూలడం మానేసింది. నడుము కొంచెం నొప్పిగానే ఉన్నా వేడికాపడంతో సర్దుకుంది. వారం తిరిగాక బండి కూసే వేళకి తోట దారి పట్టాం. ముందు అత్త కర్రతో, వెనక నేను అత్త గంప పట్టుకుని, ఆ వెనక తమ గంపలతో ఎనిమిది మంది, వాళ్ళలో నేస్తం ఒకతి. దారిలో మూడు చోట్ల కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా లేవడం పద్ధతి ప్రకారమే. కాళ్ళు ఆనించడం, పాదాలు కదపడం, ఆగడం, నిలబడడం, మళ్ళీ ఆగడం.

"పీట మీంచి పెళ్ళికూతురు లేత్తన్నట్టుంది," అంది నేస్తం.

"నువ్వు కోడిని ఒళ్ళో ఎట్టుకుని తొంగున్నావు, నువ్వా నన్నంటావు?" అంది అత్త.

మూడోసారికి అందరూ కూర్చున్నారు. అత్త పాదాలు కదిపితే అందరూ కదిపారు. అత్త ఆగితే ఆగారు. తొమ్మిది మంది ఒకేసారి మెల్లగా, ఎంతో గంభీరంగా లేచి నిలబడి, కదలకుండా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. అత్త కర్రకి ఆనుకుని నవ్వింది. ఈసారి నడుము పట్టలేదు.

తోటలో నేల మీద ఎర్రగా రాలిన పళ్ళున్నాయి గానీ చెట్లనున్నవే ఎక్కువ. అత్త అన్నిటికన్నా పెద్ద మొక్క ముందు నిలబడింది. కర్ర నాకిచ్చింది. కొండవైపు తిరిగి దణ్ణం పెట్టి, నాకు వినపడని మాటలేవో చెప్పి, ఒక కొమ్మ వంచి పండు కోసింది. దాన్ని రెండు వేళ్ళతో నొక్కితే గింజలు జారి, పల్చని తియ్యటి జిగురు బయటికొచ్చింది. నోట్లో పెట్టుకుంది.

"తీపే," అంది, అందరికీ వినబడేలా. "కాఫీకి కొత్తేటని నవ్వినారు గదా. తీపే ఉన్నాది."

తలో పండు కోసి చేతిలో పెట్టింది. నాకూ ఇచ్చింది. తొక్క దళసరి, లోపల తేనెనీళ్ళలా పల్చటి తీపి, నాలిక మీద ఒక్క క్షణమే. అంత ఎదురుచూసినదానికి అది చాలా తక్కువ, అయినా గింజల్ని చాలాసేపు బుగ్గన పెట్టుకున్నాను.

ఇక చేతులు పడాలి. కొత్త అయ్యాక ఇంటివాళ్ళు మొదలుపెట్టమని చెప్పాలి, అప్పటిదాకా ఎవరూ గంప దించరు. అత్త ఎక్కిన ఆయాసంతో రాయి మీద కూర్చుంది. పాదాలు చాపుకుని, చెయ్యి నావైపు ఊపింది.

"నానిప్పుడు బేగి లేవకూడదు. నువ్వు సెప్పే."

ఎనిమిది మందీ నావైపు తిరిగారు. జవాబు లోపల తయారయ్యేదాకా ఎవరూ వేరే మాటలోకి వెళ్ళలేదు. గంపలు నెత్తినే ఉన్నాయి.

"కొయ్యండి," అన్నాను.

"ఏటి? వినపడనేదు," అంది నేస్తం, కావాలనే.

"కొయ్యండి," అన్నాను మళ్ళీ. ఈసారి నా గొంతు అవతలి వరసలో సిల్వర్ ఓక్‌ల దాకా వెళ్ళింది. గంపలు దిగాయి. మొదటి పళ్ళు వెదురు అడుగున టపటపా పడ్డాయి. ఆ చప్పుడు వింటూ అత్త చేతిమీద బరువు వేసి, పాదాలు కదిపి, ఆగి, నిలబడి, మళ్ళీ ఆగి, తన గంప తను తీసుకుంది.